నూకరాజు దాచిన అలుపు

కొత్తగా చేరిన పిల్లల్ని సిమెంటు విత్తనాలు తెమ్మని స్టోరుకి పంపడం నూకరాజుకి ఏటేటా వచ్చే పండగ.

"పదకొండో బీరువాలో ఉంటాయి బాబూ. తడి తగలనియ్యకండి, దార్లోనే మొలకెత్తేత్తాయి" అని మొహం మీద ఒక్క ముడతైనా కదలకుండా చెప్పేవాడు. స్టోరు గుమాస్తా కూడా అదే బాపతు మనిషి. "విత్తనాలు అయిపోయినియ్యి. తొంభై డిగ్రీల కోణాలు డజను మిగిలాయి, పట్టుకెళ్తారా?" అని తిప్పి పంపేవాడు. మార్కుల్లో మొనగాళ్ళనిపించుకున్న పిల్లలు ఖాళీ చేతుల్తో తిరిగొచ్చి తలలు గోక్కుంటుంటే నూకరాజు కర్ర మీద వాలిపోయి, కాలికి కట్టిన కాలిపర్ గలగలలాడేలా నవ్వేవాడు.

ఆయనకి యాభై నాలుగేళ్ళు. మూడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు చెరుకుగడలా సన్నబడిపోయింది. దానికి ఇనప కాలిపర్, చంకలో కర్ర. ఏడో తరగతి మధ్యలో బడి ఆయన్ని వదిలేసిందో, ఆయనే బడిని వదిలేశాడో ఇప్పటికీ తేలలేదు. గోదావరి జిల్లాలో ఒక సర్కారు ఇంజనీరింగు కాలేజీ, అందులో సివిల్ డిపార్టుమెంటు, అందులో ల్యాబ్ అటెండరు. పిల్లలందరికీ బాబాయ్.

ల్యాబ్ ఉన్నది మేడ మీద. నడవలేని వాళ్ళ బాధ కొలవడానికి పెట్టిన ల్యాబే గానీ, దానికి కింద గది దొరకలేదు. ఇరవై రెండు మెట్లు. అక్కడే ప్రొఫెసరు కుసుమ మేడం ఆరేళ్ళు కూర్చుని అలుపు పట్టీలు తయారు చేసింది.

పట్టీలు రెండు. ఒకటి ఒకరి అలుపుని నమోదు చేసి తీసుకునేది, ఒకటి దాన్ని ఇంకొకరికి ఇచ్చేది.

"ఎవరు కట్టుకుంటారర్రా?" అన్నాడు నూకరాజు, ఇచ్చే పట్టీ పైకెత్తి.

బలంగా ఉన్న కుర్రాడొకడు ముందుకొచ్చాడు. నడుం చుట్టూ ఒక చుట్టు, మెడ వెనక ఒక బిళ్ళ. నూకరాజు మీట నొక్కాడు. నాలుగు నెలల క్రితం నూకరాజు తీసుకునే పట్టీ కట్టుకుని వర్క్‌షాపు వెనక ర్యాంపు ఎక్కినప్పుడు ఆయన ఊపిరీ, కండలూ, వెన్నులో నరమూ ఏం చెప్పుకున్నాయో అదంతా ఇప్పుడు ఈ కుర్రాడి ఒంట్లోకి దిగింది. నొప్పి రాదు, గాయం రాదు. అలుపొక్కటే వస్తుంది. కుర్రాడు నిలబడ్డచోటే నిలబడి, కాస్త రొప్పాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఇంతేనా బాబాయ్?"

"ఇంతే మరి! కుంటోడి కట్టం చూద్దారని ఏడుపు మొహాలేసుకుని వచ్చారు. నేనెంత సుఖంగా ఉన్నానో సూశారా?"

పిల్లలు పగలబడి నవ్వారు. వెనక బోర్డు మీద మేడం సుద్దముక్కతో రాసిన మాట ఉంది. నూకరాజు ఒక మెట్టు ఎక్కితే పుట్టే అలుపు ఒక నూక. కరెంటుకి వాట్లున్నట్టు, దూరానికి మైళ్ళున్నట్టు, అలుపుకి నూకలు. తన పేరు మీద ఒక కొలత ఉందని ఆయన బస్సులో కండక్టరుకి చెప్పాడు, మంగలికి చెప్పాడు, రైతుబజారులో వంకాయలమ్మే ఆవిడకి కూడా చెప్పాడు.

ఆ గురువారం రాజధాని నుంచి కమిటీ వస్తోంది. రాష్ట్రంలో కొత్తగా కట్టే ప్రతి బడికీ, ఆఫీసుకీ, బస్టాండుకీ ర్యాంపు ఎలా ఉండాలో తేల్చే కమిటీ. పాత రూలు ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. అంత స్థలం ఎక్కణ్ణుంచి తెస్తాం, ఎనిమిది అడుగులు చాలదా అని వాళ్ళ ప్రశ్న. వర్క్‌షాపు వెనక కట్టింది ఆ ఎనిమిది అడుగుల లెక్క ర్యాంపే. దాన్ని నూకరాజు ఎక్కితే ఆరు నూకలు వచ్చాయి. పది దాటకపోతే చాలన్నారు. ఇక కమిటీ వచ్చి, పట్టీ కట్టుకుని చూసుకుని, సంతకం పెట్టడమే మిగిలింది.

సోమవారం మధ్యాహ్నం కెజియా వచ్చింది.

ఏలేశ్వరం వైపు పల్లెటూరి పిల్ల. రెండు చేతులకీ మోచేతి కర్రలు. చిన్నప్పట్నించీ రెండు కాళ్ళలోనూ బలం లేదు. సివిల్‌లో సీటొస్తే కాలేజీవాళ్ళే "కంప్యూటర్స్ తీసుకోమ్మా, కూర్చుని చేసుకునే పని" అన్నారట. వినలేదు. మేడ మీద ల్యాబుకి ఎక్కలేక తిన్నగా ర్యాంపు దగ్గరికే వచ్చింది. నూకరాజు దిగొచ్చి ఆ అమ్మాయికి తీసుకునే పట్టీ కట్టాడు.

సగం దాకా ఎక్కి ఆగింది. గోడకి ఆనుకుని, జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటోంది.

"ఏమ్మా, కలెక్టరు గారు ఫోన్ చేశారా?" అన్నాడు నూకరాజు.

"వస్తన్నానుండండి బాబాయ్."

"ఆరు నూకలకే ఇదయిపోతే ఎలాగమ్మా?"

"మీ నూకలు ఏ మిల్లులో ఆడించారో గానీ బాబాయ్, ఇందులో రాళ్ళున్నాయి." ఆ మాట అనడానికి ఆ అమ్మాయికి మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.

నూకరాజుకి ముచ్చటేసింది. మాటకి మాట అప్పచెప్పేవాళ్ళంటే ఆయనకి ప్రాణం. కానీ పట్టీ చూస్తే పదిహేడు దాటింది. అదీ సగానికే.

"కొత్త కదా, అలవాటయిపోద్ది" అన్నాడు.

"మీరెక్కండి ఓసారి. చూస్తాను."

నూకరాజు ఎక్కాడు. నాలుగు బారలు ఎక్కి వెనక్కి తిరిగి, వర్క్‌షాపులో లేతు నడిపే ఆయన్ని, "ఏం గురూ, నిన్న మీ ఆవిడ సంతలో ఎవర్నో వెతికింది, నిన్నేనా?" అని పలకరించాడు. ఇంకో నాలుగు బారలు ఎక్కి, గోడ పక్కన పడుకున్న కుక్కతో "హాజరు పలికావా ఇయ్యాల?" అన్నాడు. పైకి చేరుకునే ముందు ఇంకోసారి ఆగి కెజియాకి చెయ్యూపి, రాజకీయ నాయకుడిలా దండం పెట్టాడు. ఎక్కేశాడు.

కెజియా నవ్వలేదు. ఆయన్నే చూస్తోంది.

"మూడు" అంది.

"ఏటమ్మా మూడు?"

"నేను ఫోన్‌లో ఏం చూశానో తెలుసా బాబాయ్? ఏమీ లేదు. చార్జింగు కూడా లేదందులో. ఆగితే జాలి పడతారని ఫోన్ చూస్తాను. మీరు జోకేస్తారు. అంతే తేడా."

నూకరాజు చంకలో కర్ర సర్దుకున్నాడు.

"పైకెక్కగానే పట్టీ ఇప్పేస్తారు కదా" అంది కెజియా మెల్లిగా. "ఆ తర్వాత? మీకు అలుపు ఎన్నింటికొస్తది బాబాయ్?"

అలుపు నాలుగున్నర బస్సులో వస్తుంది. ఆ సంగతి నూకరాజుకి తెలుసు. ఎవరికీ చెప్పని సంగతి అదొక్కటే.

ఆరోజు ఇంటికెళ్తూ తనని తానే లెక్కపెట్టుకున్నాడు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఒక జోకు. వేపచెట్టు కింద చెప్పులు కుట్టే ఆయనతో ఒకటి. బస్సెక్కే మెట్టు మీద ఒకటి, దిగేటప్పుడు ఒకటి. సందు మొదట్లో టైలరుతో ఒకటి. ఇంటికి పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు మీద నిలబడి, కింద వాటాలో ఉండే కాంతమ్మతో ఒకటి. ఊరంతా ఆయన్ని ఆగి నవ్వించే మనిషి అనుకుంటోంది. ఆయన ఆగడానికే నవ్వించాడు. ఇన్నేళ్ళూ ఆ జోకుల్లోనే ఊపిరి పీల్చుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే మేడం గదికి వెళ్ళాడు. ఆవిడ కమిటీకి ఇవ్వాల్సిన రిపోర్టులో పేజీ నంబర్లు సరిచూసుకుంటోంది. ఆరేళ్ళలో ఆవిడ జుట్టు నెరిసింది. చేసింది పరిశోధన అయినా ఎక్కువ రోజులు గడిచింది ఆఫీసుల వరండాల్లోనే. కళ్ళకింద చారలు సుద్దతో గీసినట్టున్నాయి.

నూకరాజు అంతా చెప్పాడు. ర్యాంపు మీద మూడు ఆగుళ్ళు, పైకెక్కాక వచ్చే అలుపు, అన్నీ.

"మీకు ముందే తెలుసా?" అంది మేడం.

"తెలుసండి."

"ఎప్పట్నించి?"

"మొదట్రోజు నించీనండి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎందుకు చెప్పలేదు నూకరాజుగారూ?"

"ఆరోజు నేను పైకెక్కి పట్టీ ఇప్పాక తమరు 'ఎలా ఉంది నూకరాజుగారూ' అన్నారండి. ఈ కాలేజీలో నన్ను గారు అని, ఎలా ఉందని అడిగినోళ్ళు లేరండి. అలాంటప్పుడు బాలేదని ఎలా చెప్తానండి? బెమ్మాండంగా ఉందండి అనేశాను. అనేశాక ఇంక రోజూ బెమ్మాండంగానే ఉండాల్సొచ్చిందండి."

మేడం కిటికీ వైపు తిరిగింది. కోప్పడితే బాగుండుననిపించింది నూకరాజుకి. కోపానికి ఏదో ఒక మాట అని తప్పించుకోవచ్చు. ఆవిడ కోప్పడలేదు.

"పట్టీ పైకెక్కగానే విప్పమన్నది నేనే" అంది. "అలుపు ఆ తర్వాత వస్తుందని తట్టలేదు. నాకు రాదు కాబట్టి. పైగా ఒక్క మనిషిని కొలిచి అందరికీ చాలనుకున్నాను. ఆరేళ్ళు పోయాయి నూకరాజుగారూ. ఇదిగో, ఈ కట్ట మొత్తం."

"చెప్పకపోతే ఏవవుద్దండి?"

"ఎల్లుండి సంతకం పెడతారు. వచ్చే ఏడాది నుంచి కట్టే ప్రతి బడిలోనూ ఆ ర్యాంపే కడతారు. ఎవరడిగినా ఆరు నూకలే కదా అంటారు."

ఆ ఎనిమిదడుగుల వాలు మీద సగంలో ఆగి, చార్జింగు లేని ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ పిల్ల నూకరాజు కళ్ళకి కట్టింది. ఆ వెనక ఇంకా ఎంతమందో.

"ఏం చెయ్యమంటారండి?"

"రేపు ఒక్కరోజే ఉంది. లేచిన దగ్గర్నించి మంచమెక్కేదాకా పట్టీ కట్టుకుని ఉండాలి. జోకులు వెయ్యకూడదు. మీరు నవ్వినప్పుడల్లా మెడ దగ్గర నరం మాట మార్చేస్తోంది."

"ఆగొచ్చాండి?"

"ఎన్నిసార్లైనా ఆగండి. ఆగినందుకు సాకులు మాత్రం ఎవరికీ చెప్పకండి."

నూకరాజు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మరి బోర్డు మీద నా పేరు తీసేత్తారాండి?"

"తీసేయాలి."

"తీసేయండి" అన్నాడు.

బుధవారం ఆయన బతుకులో అన్నిటికన్నా పొడుగైన రోజు.

టైలరు కత్తెర పక్కన పెట్టి, జోకు కోసం మొహం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నూకరాజు షట్టరు పట్టుకుని నిలబడ్డాడంతే. "ఏం నూకరాజూ, ఇంటో గొడవా?" అన్నాడు టైలరు. చెప్పులు కుట్టే ఆయన జ్వరమా అన్నాడు. వాచ్‌మన్ తన స్టూలు జరిపాడు, నూకరాజు కూర్చోలేదు. అలవాటు లేదు. ల్యాబు మెట్లు ఇరవై రెండూ ఎక్కడానికి అయిదుసార్లు ఆగాడు. పిల్లలు పక్కనుంచి గొంతులు తగ్గించుకుని వెళ్ళిపోయారు. ఎవరో చచ్చిపోయిన ఇంటి ముందునుంచి వెళ్ళినట్టు.

సాయంత్రం బస్సులో ఇంకో సంగతి తెలిసింది. రోజూ "ఈ సీటు కింద పాముందంట, లేవండి లేవండి" అని ఎవర్నో ఒకర్ని నవ్వించి లేపేవాడు. ఆరోజు ఊరికే నిలబడ్డాడు. ఎవరూ లేవలేదు. నోరు మూసుకుంటే నూకరాజు ఎవరికీ కనిపించడు. ఇరవై నిమిషాలు చంకలో కర్ర దిగబడుతుంటే, చెయ్యి తిమ్మిరెక్కుతుంటే, పిక్కలోంచి నడుంలోకి, నడుంలోంచి మెడలోకి అలుపు నీళ్ళెక్కినట్టు ఎక్కింది. దాన్ని మరిపించడానికి ఒక్క మాట కూడా లేదు చేతిలో.

ఏడో మెట్టు మీద కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. కింద కాంతమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "ఏం మరిదిగారూ, ఇయ్యాల మాటల్లేవేటి?" అంది. నూకరాజు కమ్మీ మీదికి ఇంకాస్త వాలాడు. ఆవిడ కాసేపు చూసి, చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పైనుంచి నాగరత్నం తొంగి చూసింది. ఆయన భార్య. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. గరిటె చేత్తోనే దిగొచ్చింది.

"ఏటయ్యా, అలా ఉండిపోయావ్? ఒంటో బాలేదా?"

"అలిసిపోయానే."

ఆ మాట ఆ నోటివెంట ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఎనిమిదో మెట్టు మీద కూలబడింది.

"ఎందుకని?"

"ఎందుకేంటి. మెట్లెక్కి."

"ఈ మెట్లా?" ఆవిడ పైకి చూసింది, కిందికి చూసింది. "అయితే రోజూ ఇక్కడ ఆగేది ఇందుకా?"

"ఆఁ."

"ఆవిడ కోసం కాదా?"

"ఏ ఆవిడ?"

"కింద ఆవిడ! ఇరవై ఏళ్ళ నించీ ఇదే మెట్టు మీద నిలబడి ఆవిడతో ఇకయికలూ పకపకలూనూ. నేను పైన పొయ్యి దగ్గర ఉడికిపోతన్నాను. ఆ మంటలో ఎన్ని కూరలు మాడ్చానో నీకేం తెలుసు? మాడిందని నువ్వు దానిమీద కూడా జోకేసేవోడివి!"

నూకరాజుకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నవ్వకూడదు నాగరత్నం. పట్టీ ఉంది."

"నవ్వమాకు. నేను ఏడుత్తన్నాను."

నిజంగానే ఏడుస్తోంది. మేడ వాటాలో గాలి బాగా వస్తుందని పట్టుబట్టింది తనే. ఆయన ఒక్కమాట అడ్డు చెప్పలేదు. పైగా మేడ మీదుంటే వీధిలోవాళ్ళందర్నీ చిన్నగా చూడొచ్చని నవ్వించాడు. ఇప్పుడావిడ ఆ నవ్వు గుర్తుకొచ్చి గరిటెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇద్దరూ అలా మెట్ల మీదే ఉండిపోయారు. పైన కూర మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

గురువారం పదకొండింటికి కమిటీ వచ్చింది. అధ్యక్షుడు సోమయాజులుగారు, రిటైరైన చీఫ్ ఇంజనీరు, అరవై ఎనిమిదేళ్ళు. వెంట ఇద్దరు ఆఫీసర్లు, ప్రిన్సిపాలు. మెట్ల పక్కన ఒక తలుపు మీద 'లిఫ్టు రిపేరులో ఉంది' అని బోర్డు వేలాడుతోంది. అధ్యక్షుడు దాని ముందు నిలబడి నిట్టూర్చి, కమ్మీ పట్టుకున్నాడు. మెట్ల మలుపులో గోడ మీది ఫోటో ముందు ఆగి, వెనక చేతులు కట్టుకుని, చాలా శ్రద్ధగా చూశాడు. తర్వాత మిగతా మెట్లెక్కాడు. నూకరాజు పైన గుమ్మంలో నిలబడి ఇదంతా గమనించాడు.

మేడం రిపోర్టు ఇవ్వలేదు. అందులో తప్పుందని చెప్పింది. నిన్నటి రోజంతా పట్టుకున్న అలుపుని పావుగంటలోకి కుదించిన పట్టీ ముందు పెట్టింది. ప్రిన్సిపాలు మొహం పాలిపోయింది.

"కట్టండి" అన్నాడు సోమయాజులుగారు.

మొదటి రెండు నిమిషాలు తిన్నగా నిలబడ్డాడు. నాలుగో నిమిషంలో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆరో నిమిషంలో కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాచాడు. బస్సు దగ్గరికి వచ్చేసరికి కోటు గుండీలు విప్పుకున్నాడు. ఏడో మెట్టు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. పట్టీ విప్పాక నీళ్ళడిగాడు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగాడు.

"ఇది నిజమేనా?" అన్నాడు.

"సార్, ఒక్క మాట" అన్నాడు ప్రిన్సిపాలు. రిపోర్టు ఆగిపోతే కాలేజీ పరువు పోతుందని ఆయన భయం. "ఈ మనిషి మాటనీ నమ్మలేం, ఒంటినీ నమ్మలేం. ఊరందరికీ తెలిసిన తుంటరి. కింద మీరు చూసిన లిఫ్టు బోర్డు ఈయన పెట్టిందే. మన బిల్డింగులో అసలు లిఫ్టే లేదు. నాకే ఈమధ్య తెలిసింది."

అధ్యక్షుడు గ్లాసు కింద పెట్టాడు. మొహం ఎర్రబడింది.

"నేను ఆ బోర్డు ముందు నిలబడి జాలిపడ్డానయ్యా. అంటే ఇదీ అలాంటిదేనా? మాతో కూడా ఆటలా?"

నూకరాజు మేడం వైపు చూశాడు. ఆవిడ తలొంచుకుంది. ఆరేళ్ళు ఒకసారి పోయాయి. ఇప్పుడు రెండోసారి పోతున్నాయి. అదీ తన వెకిలి బోర్డు వల్ల. ఎనిమిదడుగుల లెక్క సంతకానికి సిద్ధంగా బల్ల మీదే ఉంది.

"బోర్డు నేనే ఎట్టానండి. మూడేళ్ళయింది" అన్నాడు. "సరదాకే ఎట్టాను. ఆనక తనిఖీకొచ్చినోళ్ళు ఏటేటా 'లిఫ్టు ఉంది, రిపేరులో ఉంది' అని రాసుకెళ్ళారండి. తలుపు తీసి చూసినోళ్ళు లేరండి. లోపల చీపుర్లుంటాయండి. తప్పే, క్షమించండి. కానీ తమర్ని ఒకటి అడగొచ్చాండి?"

"ఏమిటి?"

"తమరు ఎక్కుతా ఎక్కుతా మలుపులో ఫోటో చూశారు కదండి. చాలాసేపు చూశారు. అందులో ఉన్నాయన ఎవరండి?"

సోమయాజులుగారు చిరాగ్గా చెయ్యి విసిరాడు. "ఎవరైతే ఏముంది? మీ పాత ప్రిన్సిపాలో, ఎవరో పెద్దమనిషి."

"అది ఆనకట్ట బొమ్మండి. అందులో మనుసులే లేరండి."

ఆఫీసర్లలో ఒకడికి నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకున్నాడు. అధ్యక్షుడు నవ్వలేదు. నూకరాజు కూడా నవ్వలేదు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. అలిసిన గొంతు.

"తమరు ఫోటో చూశారు. మా కెజియా అనే పిల్ల ఫోన్ చూత్తది. నేను జోకేత్తాను. ముగ్గురం చేసింది ఒకటేనండి. అలిసిపోయామని చెప్పుకోడానికి నామోషీ. ఆ నామోషీని కూడా కలిపి కొలిసేశారండి, అందుకే ఆరు నూకలే వచ్చినియ్యి. ఇప్పుడు తమరి ఒంటో ఉన్నది నాదో, తమరిదో, తమరే చెప్పండి."

సోమయాజులుగారు మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మోకాళ్ళు మార్పించుకోమని డాక్టరు చెప్పి నాలుగేళ్ళైంది" అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు. తర్వాత మేడం వైపు తిరిగాడు. "ఒక్క మనిషి ఒంటిని పట్టుకుని రాష్ట్రమంతటికీ రూలు ఎలా రాస్తామమ్మా?"

"రాయలేం సార్. అదే నా తప్పు. నలభై మందివి కావాలి. కర్రలవాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు, ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు. ప్రతివాళ్ళదీ రోజంతా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండేళ్ళు." ఆ రెండేళ్ళ వరండాలన్నీ ఆవిడ గొంతులో వినిపించాయి.

అధ్యక్షుడు ఫైలు తెప్పించుకున్నాడు. ఎనిమిది అనే అంకె మీద అడ్డంగా గీత కొట్టాడు. అప్పటిదాకా పాత పన్నెండే ఉండాలని రాశాడు. కింద ఇంకో వాక్యం రాశాడు. డ్రాయింగు మీద సంతకం పెట్టే హక్కు కావాలన్న ప్రతి విద్యార్థీ, డిగ్రీ చేతికి రాకముందే, ఇంకొకరి రోజంతటి అలుపునీ ఒక్కసారైనా మోసి ఉండాలి. రాసి, ఆఫీసర్లకిచ్చి, ముందు వెళ్ళి కారు దగ్గర ఉండమన్నాడు.

మేడం బోర్డు దగ్గరికెళ్ళి డస్టరు తీసుకుంది. నూకరాజు వైపు ఒకసారి చూసింది. ఆయన తలూపాడు. నూక పోయింది. సుద్దపొడి కాసేపు ఎండలో తేలింది.

దిగడం ఎక్కడం కన్నా కష్టమని నడిచేవాళ్ళకి తెలియదు. ముందు సోమయాజులుగారు, వెనక నూకరాజు, ఆ వెనక మేడం. పది మెట్లు దిగాక అధ్యక్షుడు ఆగాడు. గోడ వైపు చూడలేదు. కమ్మీ పట్టుకుని మెల్లిగా వొంగి, ఇస్త్రీ ప్యాంటుతోనే మెట్టు మీద కూర్చున్నాడు.

"కూర్చోవయ్యా" అన్నాడు.

నూకరాజు కాలిపర్ కీలు సడలించుకుని, కాలు చాపుకుని పక్కన కూర్చున్నాడు. నోటిదాకా ఒక మంచి జోకు వచ్చింది. రానిచ్చి, ఊరుకున్నాడు. మేడం రెండు మెట్లు పైన కూర్చుని గోడకి తలాన్చింది.

కింద కారు దగ్గర ఆఫీసర్లు కంగారుగా పైకి చూస్తున్నారు. ప్రిన్సిపాలు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్? డాక్టర్ని పిలవమంటారా?"

"ఏమీ లేదు. అలిసిపోయాం."

మెట్ల అడుగున, కర్రలు రెండూ పక్కన పెట్టుకుని కెజియా బెంచీ మీద కూర్చుని ఉంది. పొద్దున్నించీ అక్కడే ఉంది.

"ఏమైంది బాబాయ్?" అని కేకేసింది.

"పన్నెండే ఉంచారమ్మా!" అన్నాడు నూకరాజు. "వత్తన్నాను, ఉండు."

"మెల్లిగా రండి. నాకేం తొందర లేదు."